మనిషికో మోత పెట్టి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెద్దవాళ్లకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చేటప్పుడు పిల్లలు వాట్సాప్ వేసి ఇస్తున్నారు, యూట్యూబ్ ఎలా చూడాలో నేర్పిస్తున్నారు. రింగ్‌టోన్‌ను మాత్రం డబ్బాలోంచి ఎలా వచ్చిందో అలాగే వదిలేస్తున్నారు. బస్సులో ఒక ఫోన్ మోగితే నలుగురు జేబులు తడుముకోవడం చిన్న ఇబ్బందే. అసలు ఇబ్బంది ఇంట్లో ఉంది. కళ్లకు శుక్లాలు వచ్చినవాళ్లకు, చదువురానివాళ్లకు తెరమీద పేరు పడినా పడకపోయినా ఒకటే. చేసింది పెద్దబ్బాయా, పోలీసునని చెప్పి బెదిరించే మోసగాడా అన్నది ఫోన్ ఎత్తి 'హలో' అన్నాకే తెలుస్తుంది. దీనికి తగిన ఏర్పాటు ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందునుంచీ ఉంది. ఒక్కో మనిషికి ఒక్కో మోత (రింగ్‌టోన్) పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, వేరే యాప్ అక్కర్లేదు. సెల్‌ఫోన్లు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఇది ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు యాప్‌ల సంగతి. ప్లే స్టోర్‌లో రింగ్‌టోన్ అని కొడితే యాప్‌లు కుప్పలు తెప్పలుగా వస్తాయి. వాటిలో మంచివి లేకపోలేదు. కానీ చాలావాటి బతుకు ప్రకటనల మీదే. ఒక పాట వినాలంటే రెండు ప్రకటనలు, పెట్టుకోవాలంటే ఇంకొకటి. కొన్ని 'మూడు రోజులు ఉచితం' అని చెప్పి ఆ తర్వాత వారానికింత అని ఖాతాలోంచి లాగుతాయి. యాప్ తీసేసినంత మాత్రాన ఆ చందా ఆగదు. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడిమూల మీ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, సబ్‌స్క్రిప్షన్స్‌లో దాన్ని రద్దు చేస్తేనే ఆగుతుంది.

రింగ్‌టోన్ యాప్ ఏ అనుమతులు అడగడం న్యాయమో తెలిసి ఉండాలి. పాటల ఫైళ్లు చూడటానికి ఒకటి, ఫోన్ మోత మార్చడానికి 'మాడిఫై సిస్టమ్ సెట్టింగ్స్' అనేది ఒకటి, మనిషికో మోత పెట్టాలంటే కాంటాక్ట్స్ ఒకటి. అంతవరకే. ఎస్సెమ్మెస్‌లు చదువుతానన్నా, తెరమీద ఉన్నదంతా చదవనిచ్చే యాక్సెసిబిలిటీ అడిగినా, నోటిఫికేషన్లన్నీ చూస్తానన్నా ఆ క్షణమే తీసేయండి. ఓటీపీలు వచ్చేది ఆ ఎస్సెమ్మెస్‌లలోనే. 'ఇతర యాప్‌ల మీద కనిపించడం' అన్న అనుమతి ఇస్తే ఫోన్ తెరవగానే తెరంతా ప్రకటనలు పడతాయి. అలా పడుతూ, ఏ యాప్ వల్లో తెలియకపోతే పవర్ మీట నొక్కి, తెరమీద వచ్చిన పవర్ ఆఫ్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లు సేఫ్ మోడ్ అని అడుగుతాయి. అందులో బయటినుంచి వేసిన యాప్‌లు పనిచేయవు కాబట్టి స్థిమితంగా వెతికి తీసేయవచ్చు.

అంతకన్నా ప్రమాదం వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లు. పాట అన్నది ఎంపీ3, ఎం4ఏ, ఓజీజీ, వేవ్ ఫైల్‌గా వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది పాట కాదు, ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే ప్రోగ్రాం. శుభలేఖ అని, దేవుడి పాట అని, ప్రభుత్వ పథకం అని ఏ పేరు పెట్టి పంపినా, తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే, దాన్ని తెరవకూడదు. మీకు తెలిసినవాళ్ల ఫోన్ అప్పటికే చిక్కుకుని ఉంటే ఆ ఫైల్ వాళ్లకు తెలియకుండానే వాళ్ల పేరుతో అందరికీ వెళ్లిపోతుంది. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇక పాట ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? అందరూ తడబడేది ఇక్కడే. యూట్యూబ్‌లోనో జియోసావన్, స్పాటిఫై లాంటి వాటిలోనో 'డౌన్‌లోడ్' నొక్కి, రింగ్‌టోన్ పట్టీలో (లిస్టులో) వెతికితే ఆ పాట కనిపించదు. ఫోన్‌లో లోపం ఏమీ లేదు. ఆ డౌన్‌లోడ్ ఆ యాప్ లోపల, ఆ యాప్ ఒక్కదానికే తెరుచుకునేలా తాళం వేసి ఉంటుంది. రింగ్‌టోన్‌కు కావలసింది ఫోన్ మెమరీలో విడిగా ఉన్న ఆడియో ఫైల్. కొన్నది కావచ్చు, సీడీ నుంచి ఎక్కించుకున్నది కావచ్చు, మీరే రికార్డు చేసింది కావచ్చు. ఊరూ పేరూ లేని సైట్లలో దొరికే ఫైళ్లతో ఇంకో చిక్కు ఉంది. ఫోన్ పట్టీలో కనిపించేది ఫైల్ పేరు కాదు, ఫైల్ లోపల రాసి ఉన్న పాట పేరు. ఆ సైట్ల వాళ్లు అక్కడ తమ సైట్ పేరు ఇరికిస్తారు. మీరు పాట పేరుతో వెతుకుతుంటే అది పట్టీలో ఎక్కడో ఆ సైట్ పేరు కింద ఉంటుంది. ఫైల్ పేరు మార్చి ఉపయోగం లేదు, లోపలి పేరు మార్చాలి. ముక్క కత్తిరించుకున్నప్పుడూ ఇదే తిప్పలు. పూర్తి పాట, ముక్క రెండూ ఒకే పేరుతో కనిపిస్తాయి. రెండూ వినిచూసి ఎంచుకోండి.

అసలు ముక్క ఎందుకు కత్తిరించాలంటే, ఫోన్ మోగేదే అరనిమిషం. ఎత్తని కాల్ సెల్‌ఫోన్లో 30 సెకన్లు, ల్యాండ్‌లైన్లో 60 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో నిర్ణయించింది. అంతకు ముందు కొన్ని కంపెనీలు దాన్ని 20, 25 సెకన్లకు కుదించడంతో పెద్ద తగాదా నడిచింది. ఇప్పుడు పూర్తి పాట పెడితే ఏమవుతుందో చూడండి. మన పాటల్లో చాలావాటికి మొదట ఆలాపన, వేణువు, నెమ్మదిగా పైకి లేచే వయొలిన్లు ఉంటాయి. పల్లవి అందుకునేసరికి 20 సెకన్లు దాటిపోతాయి. పక్క గదిలో ఉన్న మనిషికి మోత వినిపించేది చివరి పది సెకన్లే. లేచి వచ్చేసరికి కాల్ ఆగిపోతుంది. కాబట్టి మొదటి సెకనులోనే గట్టిగా మొదలయ్యే చోట కత్తిరించాలి. 25 నుంచి 30 సెకన్ల ముక్క చాలు.

కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పాట తెరిచి, కావలసిన భాగాన్ని మౌస్‌తో లాగి ఎంచుకుని, కంట్రోల్, టీ మీటలు కలిపి నొక్కితే మిగతాది తెగిపోతుంది. చివరి ఒక సెకను ఎంచుకుని ఫేడ్ అవుట్ (శబ్దం క్రమంగా తగ్గడం) ఇవ్వండి, లేకపోతే తెగిన చోట టక్కుమంటుంది. మొదట్లో మాత్రం ఫేడ్ ఇన్ ఇవ్వవద్దు, మోత ఆలస్యమవుతుంది. తర్వాత మొత్తం ఎంచుకుని నార్మలైజ్‌లో మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఉంచి ఓకే చేస్తే శబ్దం పగలకుండా ఎంత పెరగాలో అంత పెరుగుతుంది. 128 కేబీపీఎస్ (సెకనుకు ఎంత సమాచారం అన్న లెక్క) ఎంపీ3గా దాస్తే అరనిమిషం ముక్క సుమారు 480 కేబీ వస్తుంది. 320 కేబీపీఎస్‌లో ఉన్న అయిదు నిమిషాల పూర్తి పాటయితే 12 ఎంబీ. ఫోన్ స్పీకర్ మీద ఈ రెంటికీ తేడా చెవికి అందదు.

ఫోన్ స్పీకర్ చిన్నది కాబట్టి దానికి చేతకాని స్వరాలు ఉన్నాయి. మృదంగం ఎడమవైపు దెబ్బ, డప్పు లోతు, గిటారు అడుగు తీగ వంటి మంద్ర ధ్వనులు అందులోంచి దాదాపు రావు. హెడ్‌ఫోన్‌లో దద్దరిల్లిన పాట రింగ్‌టోన్‌గా పీలగా వినిపించేది అందుకే. మరోవైపు, వయసుతో వచ్చే వినికిడి లోపం ముందుగా పై స్వరాలనే తినేస్తుంది. కీచుమనే గంటలు, పిట్టల కూతలు పాతికేళ్లవాళ్లకు చక్కగా వినిపిస్తాయి, డెబ్భై ఏళ్లవాళ్లకు వినిపించకపోవచ్చు. ఆ రెండు కొసలూ వదిలేసి మధ్యలో ఉండే ధ్వని తీసుకోవాలి. నాదస్వరం, హార్మోనియం, మనిషి గొంతు. మా దృష్టిలో పెద్దవాళ్ల ఫోన్‌కు మనిషి గొంతును మించింది లేదు.

అది ఎలాగో చెబుతాం. ఫోన్‌లోని రికార్డర్ యాప్ తెరవండి. ఫ్యాను, టీవీ ఆపండి. ఫోన్ నోటికి జానెడు దూరంలో పట్టుకుని, "పెద్దబ్బాయి ఫోన్... పెద్దబ్బాయి ఫోన్" అని మామూలుకన్నా కొంచెం గట్టిగా, విడివిడిగా పలకండి. మీట నొక్కడానికీ పలకడానికీ మధ్య ఖాళీ లేకుండా చూసుకోండి, ఉంటే రికార్డర్‌లోనే కత్తిరించండి. చివర ఒక సెకను మౌనం వదలండి. మొత్తం అయిదారు సెకన్లు చాలు. ఫోన్ ఎత్తేవరకు అదే మళ్లీ మళ్లీ మోగుతుంది. చిన్నమ్మాయికి ఒకటి, తమ్ముడికి ఒకటి, పక్కింటివాళ్లకు ఒకటి, డాక్టరుగారికి ఒకటి. ఆ ఇంట్లో ఎవరిని ఏమని పిలుస్తారో అదే మాట పలకాలి. కాంటాక్ట్స్‌లో 'సురేశ్ యూఎస్' అని ఉన్నా, మామ్మగారికి అతను 'బుజ్జి' అయితే మోత కూడా బుజ్జి అనే పలకాలి.

రికార్డు చేసిన ఫైల్ నేరుగా పట్టీలో కనిపించకపోవచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి రికార్డింగులకు వేరే ఫోల్డరు ఉంది. అందులో ఉన్నవాటిని ఫోన్ పాటలుగా లెక్కవేయదు. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌లదీ ఇదే కథ. ఆ ఫోల్డరులో నోమీడియా అనే ఖాళీ ఫైల్ ఒకటి ఉంటుంది, అది ఉన్నచోట వెతకవద్దని ఫోన్‌కు చెప్పినట్టే. వాట్సాప్‌లో ఎవరైనా పంపిన పాటయితే ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మీడియా అంటూ ఫోల్డరులో ఫోల్డరు దాటుకుని వెళితే వాట్సాప్ ఆడియో అనే చోట, తేదీ, డబ్ల్యూఏ అనే అక్షరాలు, ఒక అంకె కలిసిన పేరుతో ఉంటుంది. అన్నిటికీ మందు ఒకటే. ఫైల్స్ యాప్ తెరిచి ఆ ఫైల్‌ను నొక్కి పట్టుకుని, కాపీ ఎంచుకుని, ఇంటర్నల్ స్టోరేజ్‌లోని రింగ్‌టోన్స్ ఫోల్డరులో వేయాలి. ఫోల్డరు లేకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో, చివర ఎస్ మరిచిపోకుండా, ఆ పేరుతోనే సృష్టించుకోవాలి. ఆ ఫోల్డరులో పడ్డదాన్నల్లా ఆండ్రాయిడ్ రింగ్‌టోన్‌గానే గుర్తిస్తుంది. వేసిన వెంటనే కనిపించకపోతే ఫోన్ ఒకసారి ఆపి, మళ్లీ వేయండి. మెమరీ కార్డులో మాత్రం ఉంచవద్దు. కార్డు వదులైనా, తీసినా మోత పోతుంది.

ఫోన్ మొత్తానికి మోత మార్చాలంటే దారి అన్ని కంపెనీల్లో ఒకే వీధిలోంచి మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో సౌండ్ అండ్ వైబ్రేషన్, అందులో రింగ్‌టోన్. అక్కడినుంచి తేడాలు. సామ్‌సంగ్‌లో రెండు సిమ్‌లుంటే ముందు ఏ సిమ్‌కో అడుగుతుంది, ఆ తర్వాత పై కుడిమూల ప్లస్ గుర్తు నొక్కితే మీ ఫైళ్లు వస్తాయి. ఆ పేజీ అడుగున హైలైట్స్ ఓన్లీ అని ఒక మీట ఉంటుంది. అది వేసి ఉంటే ఫోన్ తనకు నచ్చిన చోటినుంచి పాట మోగిస్తుంది. మీరు కష్టపడి కత్తిరించుకున్న ముక్క మధ్యలోంచి మొదలవుతుంటే కారణం అదే, ఆపేయండి. గూగుల్ పిక్సెల్‌లో మై సౌండ్స్‌లోకి వెళ్లి ప్లస్ నొక్కాలి. మార్పులు చేర్పులు లేని ఆండ్రాయిడ్ వేసే కంపెనీల్లో పట్టీ చిట్టచివర యాడ్ రింగ్‌టోన్ అని ఉంటుంది, అంతదాకా కిందికి జరపాలి. షావొమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో ముందు కంపెనీ సొంత టోన్ల దుకాణం తెరుచుకుంటుంది. దాన్ని పట్టించుకోకుండా ఫోన్‌లోని ఫైళ్ల నుంచి ఎంచుకునే వరుస కోసం చూడండి. వివో, ఒప్పో, రియల్‌మీల్లో కూడా సొంత ఫైల్‌కు విడిగా ఒక వరుస ఉంటుంది. వెర్షన్ మారితే మాటలు మారుతుంటాయి గానీ చోటు అదే.

మనిషికో మోత పెట్టే చోటు సెట్టింగ్స్‌లో కాదు, కాంటాక్ట్స్‌లో ఉంటుంది. గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ఆ మనిషి పేరు నొక్కి, పైన మూడు చుక్కలు నొక్కితే సెట్ రింగ్‌టోన్ వస్తుంది. సామ్‌సంగ్‌లో పేరు తెరిచి, ఎడిట్ నొక్కి, వ్యూ మోర్ నొక్కి, కిందికి వెళితే రింగ్‌టోన్. ఎంచుకున్నాక సేవ్ చేయడం మరవవద్దు.

ఆ వరుసే కనిపించకపోతే చాలావరకు ఆ పేరు సిమ్ కార్డులో ఉందన్నమాట. సిమ్‌లో పేరు, నంబరు పట్టేంత చోటే ఉంటుంది, మోత గుర్తుపెట్టుకునే చోటు ఉండదు. పాత బటన్ ఫోన్ల నుంచి వచ్చినవాళ్ల పేర్లన్నీ దాదాపు సిమ్‌లోనే ఉంటాయి. కాంటాక్ట్స్ యాప్‌లో సిమ్ నుంచి తెచ్చుకునే వీలుంది. వాటిని గూగుల్ ఖాతాలోకి దింపుకుని, తర్వాత మోత పెట్టండి. ఇలా దింపాక ఒకే మనిషి రెండుసార్లు కనబడవచ్చు. ఒకదానికి మోత పెట్టి, ఫోన్ ఇంకొకదాన్ని చూపిస్తే పెట్టిన మోత రాదు. ముందు రెండూ కలిపేయాలి. నంబర్లకు ముందు ప్లస్ 91 చేర్చి దాచుకోవడం మంచిది. ఒకే మనిషికి రెండు నంబర్లుంటే రెండూ ఒకే పేరు కింద వేయండి.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లకు ఒక ముఖ్యమైన మాట. డాలస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో పిల్లలు చేసేది ఎక్కువగా వాట్సాప్ కాల్. మీరు కాంటాక్ట్స్‌లో పెట్టిన మోత దానికి వర్తించదు. వాట్సాప్‌లో ఆ మనిషి చాట్ తెరిచి, పైన పేరు నొక్కి, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి, కాల్స్‌కు సంబంధించిన రింగ్‌టోన్ విడిగా మార్చాలి. అక్కడ తెరుచుకునే పట్టీలో కూడా రింగ్‌టోన్స్ ఫోల్డరులో వేసినవి కనిపిస్తాయి. వాట్సాప్ కాల్ అసలు మోగకుండా, తర్వాత మిస్డ్ కాల్ అని మాత్రమే వస్తుంటే అది మోత సమస్య కాదు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి ఇవ్వాలి, అది ఇచ్చారో లేదో చూడండి. అదీ సరిగా ఉంటే సెట్టింగ్స్‌లో యాప్స్, వాట్సాప్, బ్యాటరీ అన్న చోట అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. చార్జింగ్ మిగల్చాలని ఫోన్ దాన్ని నిద్రపుచ్చుతుంటుంది.

పాటను కాల్‌కు బదులు నోటిఫికేషన్‌కు పెట్టేవాళ్లు చాలామంది. రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వేలు పొరపడుతుంది. అప్పుడు ప్రతి మెసేజ్‌కూ పాట మొదటినుంచి మోగుతుంది. నోటిఫికేషన్‌కు రెండు సెకన్లు మించిన ధ్వని పెట్టకూడదు.

పెట్టిన మోత కొన్నాళ్లకు దానంతటదే పోయి పాతదే మోగుతోందన్న ఫిర్యాదు మేం రోజూ వింటాం. ఫోన్ గుర్తుపెట్టుకునేది పాటను కాదు, తన జాబితాలో ఆ ఫైల్‌కు ఇచ్చిన నంబరును. గ్రంథాలయంలో పుస్తకాన్ని ఇంకో బీరువాలోకి మారిస్తే పాత నంబరు పట్టుకుని వెళ్లినవాడికి దొరకనట్టే, ఫైల్‌ను జరిపినా, చెరిపినా ఫోన్‌కు దొరకదు. అప్పుడు కంపెనీ మోతకు వెళ్లిపోతుంది. మెమరీ శుభ్రం చేస్తామనే క్లీనర్ యాప్‌లు 'నకళ్లు' అని చెప్పి ఈ ఫైళ్లనే ముందు ఊడుస్తాయి. యాడ్ రింగ్‌టోన్ దారిలో వెళితే ఆండ్రాయిడ్ రింగ్‌టోన్స్ ఫోల్డరులోకి ఒక నకలు తీసుకుంటుంది, మూలం పోయినా ఫరవాలేదు. అన్ని కంపెనీలూ అలా తీయవు. అందుకే ముందే ఆ ఫోల్డరులో వేసి, అక్కడినుంచే ఎంచుకోమంటున్నాం. ఫోన్ మార్చినప్పుడు పేర్లు, నంబర్లు గూగుల్ ఖాతాతో కొత్త ఫోన్‌లోకి వస్తాయి, మోతలు రావు. వాటిని మళ్లీ పెట్టుకోవాలి. రికార్డు చేసిన ఫైళ్లు ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ దాచి ఉంచితే ఆ రోజు పని పది నిమిషాల్లో అయిపోతుంది.

రాత్రిపూట అప్‌డేట్ అయి ఫోన్ తనంతట తాను ఆగి వెలిగిందనుకోండి. పిన్ ఒకసారి కొట్టేవరకు కాంటాక్ట్స్ తాళంలో ఉంటాయి. అప్పుడు కాల్ వస్తే పేరు పడదు, మనిషి మోత రాదు. ఉదయం లేవగానే ఒకసారి ఫోన్ తెరిచి చూసే అలవాటు పెద్దవాళ్లకు చేయండి.

మోత సన్నగా వస్తోందని స్పీకర్ మార్పించుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామందికి స్పీకర్ బాగానే ఉంటుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి పక్కనున్న వాల్యూమ్ మీట పెంచేది పాటల, వీడియోల శబ్దాన్ని. రింగ్‌ది వేరు. మీట ఒకసారి నొక్కి, తెరమీద వచ్చే గీత దగ్గర మూడు చుక్కలు నొక్కితే అన్ని గీతలూ వస్తాయి, అందులో గంట గుర్తున్నదాన్ని పైకి జరపాలి. ఆ తర్వాత ఫోన్ అడుగున, చార్జింగ్ రంధ్రం పక్కన ఉన్న చిన్న చిల్లులు చూడండి. చొక్కా జేబులోని నూలు, దుమ్ము, పొలం మట్టి అందులో అట్టకడతాయి. పొడిగా ఉన్న మెత్తని టూత్‌బ్రష్‌తో, ఫోన్‌ను చిల్లులు కిందికి ఉండేలా పట్టుకుని రుద్దండి. పిన్నీసు, సూది పెట్టకూడదు. లోపలి పొర చిరిగితే అప్పుడు నిజంగానే స్పీకర్ మార్చాలి. జేబులో వేసుకునేటప్పుడు ఆ చిల్లులు పైకి వచ్చేలా తలకిందులుగా వేసుకుంటే మోత గుడ్డలో అణగదు.

డు నాట్ డిస్టర్బ్ వేసి ఉంటే మోతలేవీ రావు. అందులో, కాంటాక్ట్స్‌లో నక్షత్రం గుర్తు పెట్టినవాళ్ల కాల్స్ మాత్రం మోగనివ్వమని చెప్పవచ్చు. ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగనిచ్చే ఏర్పాటు కూడా ఉంది, పెద్దవాళ్ల ఫోన్లలో రెండూ వేసి ఉంచండి. చెవులు బాగా మందగించినవాళ్లకు వైబ్రేషన్ జతచేయాలి. ఆండ్రాయిడ్ 14లో యాక్సెసిబిలిటీ కింద ఫ్లాష్ నోటిఫికేషన్స్ ఉంది, కాల్ వస్తే కెమెరా లైటు మిణుకుతుంది. గూగుల్ ఫోన్ యాప్ వాడేవాళ్లకు కాలర్ ఐడీ అనౌన్స్‌మెంట్ అని ఒకటుంది, చేసినవాళ్ల పేరు పైకి చదువుతుంది. అది రికార్డింగులకు ప్రత్యామ్నాయమే గానీ, ఇంగ్లీషులో దాచిన తెలుగు పేర్లను అది పలికే తీరు పెద్దవాళ్లకు అర్థం కావడం కష్టం.

కావలసినవాళ్లకు గొంతులు పెట్టాక, మిగతా అందరికీ కంపెనీ మోత ఒకటి అలాగే ఉంచండి. ఇందులో పెద్ద లాభం ఉంది. గొంతు పలికితే మనవాళ్లు, ఉత్తి సంగీతం వస్తే తెలియనివాళ్లు. డిజిటల్ అరెస్టు అని, కేవైసీ అని, పార్శిల్‌లో మత్తుమందులు దొరికాయని చేసే ఫోన్లన్నీ ఆ ఉత్తి సంగీతంతోనే వస్తాయి. ఎత్తకుండా వదిలేసి, పిల్లలు వచ్చాక నంబరు చూపించవచ్చు. గ్యాస్ బండి వాళ్ల, ఆసుపత్రి వాళ్ల ఫోన్లు కూడా ఆ ఉత్తి సంగీతంతోనే వస్తాయి కాబట్టి తరచు చేసే అలాంటి నంబర్లను దాచి వాటికీ ఒక గొంతు పెట్టాలి. ఒక జాగ్రత్త. నంబరును మార్చి చూపించే మోసాలూ ఉన్నాయి. అబ్బాయి మోతతో వచ్చినా, అవతలి గొంతు డబ్బో ఓటీపీనో అడిగితే పెట్టేసి, మీరే అబ్బాయి నంబరుకు చేయండి.

చివరగా, కాలర్ ట్యూన్ వేరు, రింగ్‌టోన్ వేరు. మీకు చేసినవాళ్లకు వినిపించేది కాలర్ ట్యూన్, అది నెట్‌వర్క్ కంపెనీ దగ్గర ఉంటుంది. ఫోన్‌లో ఎంత వెతికినా దాన్ని మార్చే చోటు దొరకదు. తెలియకుండా కాలర్ ట్యూన్ లాంటి నెట్‌వర్క్ కంపెనీ చందా ఏదైనా పడి డబ్బు పోతుంటే 155223కి ఉచితంగా ఫోన్ చేసి ఆపించుకోవచ్చు.

సంపాదకులకు ఒక విన్నపం. వారానికో కంపెనీ చొప్పున, కాంటాక్ట్‌కు మోత పెట్టే మెట్లు బొమ్మలతో, పెద్ద అక్షరాల్లో, కత్తిరించి దాచుకునేలా అచ్చువేయండి. మొదట సామ్‌సంగ్, షావొమీ, వివోలతో మొదలుపెట్టండి. మెట్లు రాసిచ్చే పని, ప్రతి వెర్షన్‌లో సరిచూసే పని మేం చేస్తాం.

ఇట్లు,
సెల్‌ఫోన్ మరమ్మతు పనివారు,
తెనాలి